‘అవసరమా?’ అని అడగవలసినదెవరు: కట్టంగూర్ స్త్రీల వైద్యంపై ఒక సంవాదం

అవగాహన పక్షం: స్త్రీలకు వైద్యంలో జరిగే అన్యాయం అనగానే లోటు ఒక్కటే గుర్తుకు వస్తుంది, దవాఖాన దూరమనీ, డాక్టరు ఉండడనీ, మందులు దొరకవనీ చెప్పుకోవడం అలవాటయింది. నల్లగొండ జిల్లా కట్టంగూర్ వంటి మండలానికి ఈ వర్ణన సగమే సరిపోతుంది. హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీద నార్కట్‌పల్లికీ నకిరేకల్‌కూ నడుమ ఉన్న ఈ ఊళ్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది, నార్కట్‌పల్లిలో ప్రైవేటు వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, జిల్లా కేంద్రంలో 2019లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా పెద్ద దవాఖాన ఉంది. ఇన్ని ఉన్న ప్రాంతంలో స్త్రీలు నష్టపోతున్నది వైద్యం అందక మాత్రమే కాదు, అక్కరలేని వైద్యం అంది కూడా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.3 శాతం కాగా, తెలంగాణలో 8.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం. ప్రసవాలలో సిజేరియన్ల వాటా దేశంలో 21.5 శాతమైతే తెలంగాణలో 60.7 శాతం, ఏ రాష్ట్రంలోనూ ఇంత లేదు. ఈ కోతలన్నింటికీ ముందు ఒక సంతకమో వేలిముద్రో పడుతుంది. ఆ సంతకం పెట్టే మనిషికి ‘ఇది అవసరమా, ఆపరేషన్ కాకుండా ఇంకో దారి ఉందా, ఆగితే ఏమవుతుంది’ అని అడగడం తెలిసి ఉంటే ఈ లెక్కలు ఇలా ఉండేవి కావన్నది మా పక్షపు ప్రతిపాదన. కనుక స్త్రీకి తన శరీరం గురించీ, తన హక్కుల గురించీ తెలియజెప్పడమే మొదటి పని.

వ్యవస్థ పక్షం: లెక్కలతో పేచీ లేదు, వాటికి చెప్పిన కారణంతోనే పేచీ. ‘అడగలేదు కాబట్టి కోశారు’ అనడంలో, కోసినవారి బాధ్యత కోయించుకున్నవారి మీదికి మెల్లగా జారిపోతున్నది. అదే సర్వేలోని ఇంకో లెక్క చూడవచ్చు. తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగిన ప్రసవాలలో 81.5 శాతం సిజేరియన్లు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. ప్రైవేటుకు వెళ్లినవారిలో డబ్బూ చదువూ కాస్త ఎక్కువగా ఉన్నవారే అధికం, అంటే అవగాహన ఎక్కువ ఉండవలసినవారు. అవగాహనే రక్షణ అయితే ఈ రెండు అంకెలు తారుమారుగా ఉండాలి. గర్భసంచి ఆపరేషన్లలోనూ దేశం మొత్తం మీద మూడింట రెండు వంతులు ప్రైవేటులోనే జరుగుతున్నాయి. కారణం గూఢమైనదేమీ కాదు. అధిక రక్తస్రావానికి నెలల తరబడి గోలీలిచ్చి కనిపెట్టుకుని ఉంటే ఆసుపత్రికి మిగిలేది కన్సల్టేషన్ ఫీజు; ఆపరేషన్ చేస్తే మిగిలేది వేలల్లో. ఊళ్లో మొదట చూసే ఆర్‌ఎంపీ, అంటే వైద్య పట్టా లేకుండా ప్రాక్టీసు చేసే వ్యక్తి, రోగిని పట్నం ఆసుపత్రికి పంపినందుకు వాటా తీసుకోవడం తెలంగాణ పల్లెల్లో రహస్యం కాదు. గర్భసంచిని తీయిస్తేనే ఇద్దరికీ గిట్టుబాటయ్యే ఏర్పాటు ఒకవైపు నడుస్తుండగా, ఆ ఏర్పాటు మధ్యలో నిలబడ్డ స్త్రీని ప్రశ్నలు అడగమనడం న్యాయమా? సరుకు కొనేవాడికి తూకం తెలియాలనడం మంచిదే కానీ, తప్పుడు తూకపు రాళ్లను పట్టుకోవలసింది తూనికల శాఖ.

అవగాహన పక్షం: లాభాపేక్ష సంగతి కాదనలేనిది, ఆ అంకెకు సమాధానం చెప్పకుండా తప్పించుకోవడం కుదరదు. అయితే రెండవ అంకె దగ్గర కూడా ఆగాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో వాటాలు లేవు, ఫీజులు లేవు, అక్కడా 44.5 శాతం సిజేరియన్లంటే, అది దేశ సగటుకు రెట్టింపు. పైగా ఈ రాష్ట్రంలో వ్యవస్థను మార్చే ప్రయత్నం జరగకపోలేదు. 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ పథకం వచ్చి, సర్కారు దవాఖానలో కాన్పు అయితే మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు విడతలుగా ఇవ్వడం మొదలుపెట్టిన తర్వాత, ప్రభుత్వ ఆసుపత్రులలో జరిగే కాన్పుల వాటా 2015–16లో ఉన్న 30 శాతం నుంచి 50 శాతం దగ్గరకు చేరింది. ఇంత మంది లాభం కోసం నడిచే చోటి నుంచి లాభం లేని చోటికి మారినా, రాష్ట్రంలో మొత్తం సిజేరియన్లు తగ్గలేదు సరికదా 58 శాతం దగ్గర నుంచి 60.7కు పెరిగాయి, ప్రభుత్వ ఆసుపత్రుల్లోని శాతమే 40 ప్రాంతం నుంచి పైకి పోయింది. దీని వెనుక ముహూర్తం చూసుకుని బిడ్డను కనాలనే కోరిక ఉంది, నొప్పులంటే భయం ఉంది, ‘మా అక్కకూ ఆపరేషనే, నాకూ ఆపరేషనే’ అనే మాట ఉంది. ఇవన్నీ మనసులోనూ ఇంట్లోనూ ఉండే సంగతులు. వీటిని ఏ తనిఖీ బృందమూ సరిచేయలేదు.

వ్యవస్థ పక్షం: ముహూర్తాల మాట నిజమే. ప్రభుత్వ ఆసుపత్రిలోని అంకె కూడా ఈ పక్షానికి ఇబ్బంది కలిగించేదే. అయినా ప్రసవ గది పని తీరు తెలిస్తే ఆ అంకె వెనుక ఇంకొకటి కనిపిస్తుంది. మొదటి కాన్పు నొప్పులు పది పన్నెండు గంటలు సాగడం మామూలు. ఆ సేపంతా పక్కన కూర్చుని, నడిపించి, నడుము రాసి, బిడ్డ గుండె చప్పుడు అరగంటకోసారైనా వినే మనిషి కావాలి. ఒకే డాక్టరు, ఇద్దరు నర్సులు ఒకే రాత్రి అనేక కాన్పులు చూడవలసిన చోట ఆ ఓపిక ఎవరికి ఉంటుంది? మత్తు డాక్టరు పగలే దొరుకుతాడు కాబట్టి, రాత్రి ఏదైనా తేడా వస్తే ఎలా అన్న భయంతో సాయంత్రంలోపే ఆపరేషన్ ముగించడం సురక్షితమనిపిస్తుంది. ఒక్కసారి కోత పడితే తర్వాతి కాన్పుకూ చాలా వరకు కోతే. ఈ సంగతి గ్రహించే తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ, అంటే సహజ కాన్పును నొప్పుల మొదటి నుంచి బిడ్డ పుట్టేదాకా స్వతంత్రంగా నిర్వహించే శిక్షణ, యునిసెఫ్ తోడ్పాటుతో ప్రారంభించింది. పూర్వం మంత్రసాని చేసిన పనిలోని మేలును, ఆమె చేతుల్లో జరిగిన కీడును వదిలి, దవాఖానలోకి తెచ్చుకునే ప్రయత్నమది. నొప్పులంటే భయపడే అమ్మాయికి కరపత్రం కన్నా అలాంటి నర్సు చేయి ఎక్కువ ధైర్యమిస్తుంది.

అవగాహన పక్షం: కాన్పు విషయంలో అంత వరకు ఒప్పుకోవచ్చు. గర్భసంచి విషయంలో కథ వేరు, అందులో తొందర లేదు, అర్ధరాత్రి లేదు, ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. ఈ ప్రాంతంలో అది ఎలా మొదలవుతుందో దగ్గరగా చూడాలి. పద్దెనిమిది పంతొమ్మిది ఏళ్లకు పెళ్లి, ఇద్దరు పిల్లలు, పాతికేళ్లు నిండేలోపు పిల్లల ఆపరేషన్, అంటే ఇక పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. ఆ తర్వాత గర్భసంచి ‘పని అయిపోయిన’ అవయవంగా ఇంటిల్లిపాది లెక్కలోకి చేరుతుంది. ముప్పై దాటేసరికి తెల్లబట్ట అవుతుంది, అంటే యోని నుంచి తెల్లని స్రావం పోతుంది. దానితోపాటు నడుం నొప్పి, పొత్తికడుపులో నొప్పి. ఇందులో ఎక్కువ భాగం ఇన్‌ఫెక్షన్, కొన్ని రోజుల మందులతో తగ్గేది, కొన్ని రకాలకు భర్తకూ కలిపి మందు వాడవలసినది. కొంత భాగం ఏ జబ్బూ కాదు, ఒంటి సహజ ధర్మం. కానీ స్కానింగ్ తీసి ‘సంచికి పుండు పడ్డది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది’ అని ఒక మాట చెబితే, వరినాట్ల కూలీ మానుకుని వచ్చిన ఆ స్త్రీ, నెలనెలా ముట్టు బాధ కూడా పోతుంది కదా అన్న ఆశతో ఒప్పుకుంటుంది. ఇంతకన్నా విడ్డూరమైన లెక్క ఒకటి ఉంది. తెలంగాణలో 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించుకున్నవారు 3 శాతం పైచిలుకు మాత్రమే. వయసు కొలతలు కాస్త వేరైనా, పరీక్ష చేయించుకున్నవారి వాటా కన్నా సంచి తీయించుకున్నవారి వాటా రెట్టింపుకు మించి ఉందని చెప్పడానికి అభ్యంతరం లేదు. ఆ పరీక్ష ఖరీదైనదా అంటే, నర్సు సైతం చేయగల పద్ధతి ఉంది: గర్భాశయ ముఖం మీద పలచని వెనిగర్ ద్రావణం పూసి, నిమిషం ఆగి, తెల్లని మచ్చ తేలుతుందేమో చూడడం. క్యాన్సర్ భయంతో పెద్దాపరేషన్‌కు సిద్ధపడే స్త్రీకి, ఆ భయం తీర్చే ఈ చిన్న పరీక్ష ఉందని తెలియకపోవడం అవగాహన లోపం కాక మరేమిటి? ముప్పై అయిదేళ్లకే సంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఒంట్లో ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా ఆగిపోయి, యాభై దగ్గరలో రావలసిన ముట్లుడగడం అప్పుడే వచ్చి, ఎముకలు గుల్లబారతాయనీ, గుండెజబ్బు ముప్పు పెరుగుతుందనీ ఆమెకు ముందు చెప్పినవారెవరు?

వ్యవస్థ పక్షం: ఆమెకు ఏమీ తెలియదనడం సరికాదు, ‘సంచి ఉంటే క్యాన్సర్’ అన్న ఒక సంగతి ఆమెకు బాగా తెలుసు, తెల్లకోటు వేసుకున్న మనిషే తెలియజెప్పాడు. ఖాళీగా ఉన్న చోట అవగాహన నింపడం ఒక పని. డబ్బు కోసం నింపిన అబద్ధాన్ని తీసివేయడం ఇంకో పని, అది కరపత్రాలతో జరిగేది కాదు. ఆశా కార్యకర్త ఒకమాట చెబుతుంది, స్కానింగ్ రిపోర్టు చేతిలో పెట్టి డాక్టరు ఇంకోమాట చెబుతాడు. ఏ ఇంట్లోనైనా ఎవరి మాట నెగ్గుతుందో చెప్పనక్కరలేదు. ఆ క్యాన్సర్ పరీక్ష సంగతి కూడా అంతే. తెలియక అడగనివారు కొందరైతే, తెలిసి వెళ్లినా చేసే మనిషి లేక తిరిగివచ్చేవారు కొందరుంటారు.

(ఇక్కడ ఒకటి గమనించదగ్గది. ఇరుపక్షాలూ ఒకే సర్వే అంకెలను ఎత్తుకుని ఎదురెదురు ముగింపులకు చేరుతున్నాయి, ఇద్దరి చదువులోనూ తప్పు లేదు. సర్వే ‘ఎంత’ అన్నది చెబుతుంది. ‘ఎవరివల్ల’ అన్నది చెప్పదు.)

అవగాహన పక్షం: అయితే డబ్బు కోసం అబద్ధం చెప్పేవారెవరూ లేని ఉదాహరణ తీసుకుందాం. రక్తహీనత, అంటే రక్తంలో హిమోగ్లోబిన్ తగ్గడం. గర్భిణి కాని స్త్రీకి డెసిలీటరుకు 12 గ్రాములు, గర్భిణికి 11 గ్రాములు ఉండాలి. 2019–21 సర్వేలో తెలంగాణ స్త్రీలలో 57.6 శాతానికి రక్తం తక్కువ, పురుషులలో 15.3 శాతానికే. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే కుండలోని అన్నం, ఇద్దరి రక్తంలో మాత్రం ఇంత తేడా. దీనికి మందు ఉచితమే. గర్భిణులకు ఎర్ర గోలీ, కౌమార వయసు బడిపిల్లలకు వారానికొక నీలిరంగు గోలీ ప్రభుత్వమే పంచుతుంది. ఏఎన్‌ఎం, అంటే ఊళ్లో తిరిగే ప్రభుత్వ నర్సు, ఇచ్చిన ఆ గోలీల పట్టీ చాలా ఇళ్లలో గూట్లోనే ఉండిపోతుంది. మింగితే కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా పోతుంది, నల్లగా పోవడం చూసి ఏదో అయిందని భయపడి మానేస్తారు. మానని వారిలో కూడా కొందరు పొద్దున్నే చాయ్‌తోపాటు వేసుకుంటారు, చాయ్‌లోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. చాయ్‌కీ గోలీకీ గంట ఎడం ఉంచి, గోలీ మింగాక ఒక బత్తాయి తింటే అందులోని సి విటమిన్ ఇనుమును పట్టిస్తుంది. నల్లగొండ జిల్లా బత్తాయికి పేరుమోసిన జిల్లా. ఇక్కడి తోటల కాయ లారీల్లో దూరప్రాంతాల మార్కెట్లకు పోతుంది, తోటలో కాయ కోసే కూలీ స్త్రీకి రక్తం పట్టదు. ఈ నాలుగు ముక్కలు ఎవరో ఒకరు ఓపికగా చెప్పడానికి ఆసుపత్రి కట్టనక్కరలేదు, చట్టం చేయనక్కరలేదు.

వ్యవస్థ పక్షం: చాయ్ ముచ్చట మంచి ముచ్చటే, చెప్పవలసినదే. అయితే నల్లగొండ జిల్లాలో రక్తహీనత గురించి మాట్లాడి నీళ్ల గురించి మాట్లాడకపోవడం ఎలా? దశాబ్దాలపాటు ఈ జిల్లా తాగింది ఫ్లోరైడు కలిసిన బోరునీళ్లు. మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల్లో వంగిపోయిన ఎముకలు దేశమంతా ఫొటోల్లో చూసింది. కడుపులోపల జరిగినదాని గురించి మాట్లాడినవారు తక్కువ. ఫ్లోరోసిస్ పరిశోధకురాలు ఎ.కె. సుశీల బృందం ఢిల్లీలో రక్తహీనత ఉన్న గర్భిణుల మీద జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, తాగేనీరూ ఆహారమూ మార్చి ఫ్లోరైడు లోపలికి పోవడాన్ని తగ్గించి, పోషకాహారం పెంచినప్పుడు హిమోగ్లోబిన్ పెరిగింది, తక్కువ బరువుతో పుట్టే శిశువులు తగ్గారు. ఫ్లోరైడు పేగు లోపొరను దెబ్బతీసి పోషకాలను పట్టనివ్వదన్నది వారి వివరణ. అంటే గోలీ సరిగా వేసుకున్న స్త్రీకి సైతం నీళ్ల కారణంగా రక్తం పట్టకపోయి ఉండవచ్చు, ఆమెను మాత్రం ‘గోలీలు మింగలేదు’ అని ఏఎన్‌ఎం కసిరి ఉండవచ్చు. ఈ నీళ్లను మార్చింది అవగాహన సదస్సులు కాదు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథ, అంటే నదీజలాలను శుద్ధిచేసి ఇంటింటికి పైపుల్లో ఇచ్చే పథకం. తప్పు తెలియనితనానిదే అని తేల్చేముందు, తెలిసినవారికి మాత్రం ఎంత తెలుసో చూడాలి. అమెరికాలో 1977 నుంచి కాన్పు వయసు స్త్రీలను మందుల తొలిదశ పరీక్షల నుంచి తప్పించారు. ప్రభుత్వ నిధులతో జరిగే పరిశోధనల్లో స్త్రీలను చేర్చాలని చట్టం చేసింది 1993లో. నిద్రమాత్ర జోల్పిడెమ్ మోతాదు స్త్రీలకు సగం చాలునని అక్కడి ఔషధ సంస్థ చెప్పింది 2013లో, ఆ మందు బజారులోకి వచ్చిన ఇరవై ఏళ్లకు. వైద్యశాస్త్రమే స్త్రీ శరీరాన్ని సగం చదివి ఉన్నప్పుడు, ఈ కట్టంగూర్ మండలపు అయిటిపాముల నుంచి వచ్చిన కూలీ స్త్రీ ఏ పాఠం నేర్చుకుని ఎవరిని ప్రశ్నించాలి?

అవగాహన పక్షం: ఆ చివరి ఉదాహరణలే ఎదురువాదానికి ఆధారం. 1993 చట్టం దానంతటది రాలేదు. తమ శరీరాల గురించి తామే చదువుకుని, రాసుకుని, పంచుకున్న స్త్రీల ఉద్యమం వెనుక ఉంది. తెలుగు నేల మీద కూడా ఆ పని జరిగింది. హైదరాబాదులో స్త్రీల బృందం ఒకటి, డాక్టర్లతో కలిసి కూర్చుని, స్త్రీల ఆరోగ్యం మీద ‘సవాలక్ష సందేహాలు’ అనే పుస్తకాన్ని తెలుగులో తయారుచేసింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దాన్ని ప్రచురించింది. ముట్టు, కాన్పు, తెల్లబట్ట, గర్భసంచి, ఆపరేషన్లు అన్నింటి గురించీ సిగ్గుపడకుండా, భయపెట్టకుండా తెలుగులో మాట్లాడిన పుస్తకమది. అంతకు ముందు అదే సంస్థ ‘వైద్యుడు లేని చోట’ను తెలుగు చేసింది. డాక్టర్లు తలుపు తెరిచేదాకా ఆగకుండా తలుపు తట్టడం ఎలాగో నేర్పిన పుస్తకాలివి. ఇప్పుడు ఆ పనికి ఇంతకన్నా బలమైన వాహనం ఊరూరా ఉంది: పొదుపు సంఘం. అప్పు తీర్చే లెక్కల కోసం నెలనెలా కూర్చునే పదిమంది ఆడవాళ్లు, సంఘంలో ఒకరికి ఎవరైనా పెద్దాపరేషన్ రాశారంటే, ఒక్కతే వెళ్లకుండా మరో ఇద్దరు తోడుగా నల్లగొండ దవాఖానకు వెళ్లి రెండో అభిప్రాయం తెచ్చుకునే కట్టుబాటు పెట్టుకుంటే చాలు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు టికెట్టు లేదు. దారి ఖర్చు అడ్డం కూడా పోయింది.

వ్యవస్థ పక్షం: సంఘం ఆలోచన మెచ్చదగ్గదే, ఆ ఇద్దరి కూలీ ఎవరిస్తారన్నది ఒక్కటే అడగవలసి ఉంది. బస్సు ఉచితమైనా రోజు ఉచితం కాదు. అది అటుంచి, ఈ వాదంలో ఒక గట్టి ఖాళీ ఉంది. 2022 ఆగస్టు 25న హైదరాబాదు దగ్గరి ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో 34 మంది స్త్రీలకు ఒకే రోజు ల్యాప్రోస్కోపీ పద్ధతిలో, అంటే పొట్టమీద చిన్న రంధ్రంగుండా గొట్టం పంపి, పిల్లల ఆపరేషన్లు చేశారు. ఆ తర్వాత నలుగురు ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయారు. వారికి ఏ అవగాహన తక్కువైంది? ఏ ఆపరేషన్ కావాలో తెలుసు, ఎందుకో తెలుసు, తమంత తామే వచ్చారు. తెలిసిన స్త్రీని కూడా కాపాడవలసింది పనిముట్లను సరిగా శుద్ధిచేసే క్రమశిక్షణ, ఒక రోజుకు ఇన్నే అని ఉండవలసిన హద్దు. ఇంకా వెనక్కి వెళితే, 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు, ముఖ్యంగా గిరిజన ఆశ్రమ పాఠశాలల పిల్లలకు, వేయించిన సంగతి ఉంది. టీకా మంచిదే, తర్వాత జరిగిన మరణాలకూ టీకాకూ సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. కానీ తల్లిదండ్రులు పెట్టవలసిన సమ్మతి సంతకాలు అనేకచోట్ల హాస్టల్ వార్డెన్లు పెట్టారు, 2010లో ఆ ప్రాజెక్టును ఆపివేయవలసి వచ్చింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అవగాహన కల్పించే బాధ్యత ఉన్నవారే ఆ అవగాహనను కాగితం మీద తామే నింపేసుకున్నారు. సదస్సు జరిగిందని ఫొటో, కరపత్రం పంచామని రిజిస్టరు, సంతకం తీసుకున్నామని ఫైలు. అవగాహన అన్న మాట అధికారుల చేతిలో ఇలా తయారవుతుంది.

అవగాహన పక్షం: ఇబ్రహీంపట్నం గురించి చెప్పినదానికి జవాబు లేదు; ఉన్నట్టు నటించడం ఆ నలుగురికీ అవమానం. అయితే ఆ ప్రశ్నకు ముందున్న ప్రశ్న మాత్రం వదలరాదు. 34 మందీ స్త్రీలే ఎందుకు? మగవారి ఆపరేషన్ పొట్ట తెరవనక్కరలేనిది, కొద్ది నిమిషాల్లో ముగిసేది, ముప్పు చాలా తక్కువైనది. అయినా తెలంగాణలో పెళ్లయిన స్త్రీలలో 62 శాతం దగ్గర ఆపరేషన్ చేయించుకున్నవారు కాగా, మగవారి వంతు వేళ్లమీద లెక్కించేంత. మగవాడు బలహీనుడవుతాడు, కూలీ పని చేయలేడు అన్న అపోహను ఏ తనిఖీ బృందం తొలగిస్తుంది? అవగాహన స్త్రీలకే చెప్పాలనుకోవడం మా పక్షం చేస్తూ వచ్చిన పొరపాటుగా ఒప్పుకోవచ్చు. ముందు ఇంట్లో మగవారికి చెప్పాలి. ఖమ్మం సంగతికి వస్తే, అది అవగాహన విఫలమైన ఉదాహరణ కాదు, అవగాహనను కాలరాసిన ఉదాహరణ. సమ్మతి ఎలా ఉండాలో ఈ దేశపు సుప్రీంకోర్టు 2008 జనవరిలోనే సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. పరీక్ష కోసమని మత్తు ఇచ్చిన స్త్రీకి, ఆమె తల్లిని అడిగి, గర్భసంచీ అండాశయాలూ తీసేసిన కేసది. పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు చెల్లదనీ, స్పృహలోకి వచ్చాక అడిగే వీలున్నప్పుడు తల్లి ఇచ్చిన సమ్మతి చాలదనీ, జబ్బు ఏమిటో, ఇతర మార్గాలేమిటో, ముప్పేమిటో రోగికి చెప్పాలనీ కోర్టు స్పష్టం చేసింది. హక్కు ఉంది, అది తనకు ఉందని తెలియని మనిషికి మాత్రం లేనట్టే.

వ్యవస్థ పక్షం: తెలిసిన మనిషికి సైతం ఆ హక్కును వాడే చోటు ఒకటి ఉండాలి. 2023 ఏప్రిల్ 5న ఇదే సుప్రీంకోర్టు, బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసరంగా జరిగిన గర్భసంచి ఆపరేషన్ల మీద పదేళ్ల క్రితం వేసిన పిటిషన్‌లో తీర్పు చెబుతూ, కేంద్ర ప్రభుత్వం రూపొందించిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలులోకి తేవాలని ఆదేశించింది. జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిల్లో పర్యవేక్షణ కమిటీలు ఏర్పడి, ఏ ఆసుపత్రిలో, ఏ వయసు స్త్రీకి, ఏ కారణంతో సంచి తీశారో చూడాలన్నది ఆ మార్గదర్శకాల సారం. ఒక్క స్త్రీ ఒక్క డాక్టరును ‘అవసరమా’ అని అడిగితే ఆమెకు ఒక్కతెకు జవాబు దొరుకుతుంది, దొరకకపోనూ వచ్చు; జిల్లా కమిటీ అదే ప్రశ్న అడిగితే ఆసుపత్రి రిజిస్టరు తెరవక తప్పదు.

అవగాహన పక్షం: కమిటీ ఏర్పడినట్టు కాగితం రావడానికీ కమిటీ కూర్చోవడానికీ మధ్య ఉండే దూరాన్ని ఎవరు కొలుస్తారు? 2023 మార్చి 8న రాష్ట్ర ప్రభుత్వం ‘ఆరోగ్య మహిళ’ పేరుతో కొన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ప్రతి మంగళవారం స్త్రీలకే ప్రత్యేకంగా క్లినిక్‌లు మొదలుపెట్టి, రక్తహీనత నుంచి క్యాన్సర్ గుర్తింపు దాకా పరీక్షలు చేస్తామన్నది. మంచి పథకం. అలాంటి పథకం నిలిచేది, మంగళవారం తలుపు మూసి ఉంటే ‘ఎందుకు మూశారు’ అని అడిగే ఆడవాళ్లు ఊళ్లో ఉన్నప్పుడే.

వ్యవస్థ పక్షం: నాట్ల కాలంలో మంగళవారం వచ్చిన స్త్రీ రోజు కూలీ పోగొట్టుకుని వస్తుంది, తలుపు మూసి ఉంటే రెండోసారి రాదు. అడగడానికైనా ఆమె మొదట రావాలి కదా. తలుపు తెరిచి ఉంచడం ఆమె బాధ్యత కాదు.

అవగాహన పక్షం: కాదు. కానీ ఆమె కాకపోతే ఆ తలుపు గురించి అడిగినవారు ఇంతవరకు ఎవరున్నారు?

వ్యవస్థ పక్షం: ఆ ప్రశ్నకు ఇక్కడ కూర్చుని జవాబు చెప్పలేం, అడగవలసిన చోట అడిగితే తేలుతుంది. ఇరుపక్షాలూ కలిసి అడగగలిగినది ఒకటి ఉంది. కట్టంగూర్ మండలంలో ఈ ఏడాది నలభై ఏళ్ల లోపు స్త్రీలకు ఎన్ని గర్భసంచి ఆపరేషన్లు జరిగాయో, అవి ఏ ఆసుపత్రుల్లో జరిగాయో, కారణమేమని రాశారో, ఆ స్త్రీలలో ఎందరికి ముందుగా క్యాన్సర్ పరీక్ష చేశారో లెక్క తీసి మండల సమావేశంలో చదివి వినిపించమని జిల్లా వైద్యాధికారులను కోరండి; పొదుపు సంఘాల స్త్రీలను ఆ రోజు ముందు వరుసలో కూర్చోబెట్టండి.